రాగి సంగటి మొదటిసారి తినబోతున్నారా? వండటం దగ్గర్నుంచి మింగటం దాకా

సీమ ఇంటికి కోడలిగానో అల్లుడిగానో వచ్చినవాళ్ళు అడుగుతారు. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో పెరిగి, సెలవులకు అవ్వ దగ్గరికి వెళ్ళే పిల్లలు అడుగుతారు. రాగులు తినమని డాక్టరు చెప్పాక కంచం ముందు కూర్చుని ఆలోచనలో పడ్డవాళ్ళూ అడుగుతారు. అందరిదీ ఒకటే మాట: "ఇంట్లో వాళ్ళంతా లొట్టలేసుకుంటూ తింటున్నారు, నాకు మాత్రం ఆ ముద్ద చూస్తేనే టెన్షన్. నోట్లో తిరుగుతూ ఉంటుంది తప్ప గొంతు దిగదు. ఎలా తినాలి?"

నేను చూసినంతలో, సంగటి వద్దన్నవాళ్ళలో చాలామందికి దాని రుచితో పేచీ లేదు. సంగటికి సొంత రుచి తక్కువే, పక్కన ఏది ఉంటే ఆ రుచే పట్టుకుంటుంది. ఇబ్బంది వేరే చోట ఉంటుంది. ముద్ద మరీ గట్టిగా ఉంటుంది, లేదా చల్లారిపోయి ఉంటుంది, పక్కన వేపుడు తప్ప పులుసు ఉండదు, దాన్ని అన్నంలాగా నమలబోతారు. ఈ నాలుగూ సరిచేసుకుని తింటే మొదటి ముద్ద దిగుతుంది. అప్పుడు నచ్చిందో లేదో మీరే తేల్చుకోవచ్చు. సరిగ్గా వండని, సరిగ్గా తినని సంగటిని బట్టి మాత్రం తేల్చకండి.

ఇక్కడ చెప్పేది బియ్యం కలిపి చేసే మెత్తని సంగటి. చిత్తూరు, కడప, అనంతపురం వైపు ఇళ్ళలో మామూలుగా చేసుకునేది ఇదే. ఉత్త పిండితో చేసే గట్టి ముద్ద గురించి చివర్లో చెబుతాను, మొదటిసారికి అది వద్దు.

ముందుగా ఎవరు జాగ్రత్త పడాలి

సంగటిని పెద్దగా నమలకుండా మింగుతాం. అందుకే చిన్నపిల్లలకు, మింగటంలో ఇబ్బంది ఉన్న పెద్దవాళ్ళకు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్ళకు ముద్దలు చేసి పెట్టకండి. వాళ్ళకు అదే సంగటిని పప్పు నీళ్ళతోనో మజ్జిగతోనో జారుగా కలిపి చెంచాతో తినిపించాలి. కట్టుడు పళ్ళు ఉన్నవాళ్ళు కూడా కాస్త పలచగానే కలుపుకోవాలి, గట్టి సంగటి పళ్ళసెట్టుకు అంటుకుని లాగుతుంది.

షుగర్ ఉన్నవాళ్ళకు ఒక మాట. రాగులు కదా అని రెండు మూడు ముద్దలు తినేస్తున్నారు. ఇదీ పిండిపదార్థమే, పైగా ఇందులో బియ్యం కూడా ఉంది. అన్నం ఎంత లెక్కగా తింటారో ఇదీ అంతే లెక్కగా తినాలి. రాగుల గొప్పంతా కాల్షియంలో ఉంది: 100 గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాములు ఉంటుంది, తెల్లబియ్యంలో 10 మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతుంది. పీచు కూడా బియ్యంలో కన్నా బాగా ఎక్కువ. శాస్త్రం ఇంతవరకు చాలు, వంటలోకి వెళదాం.

కావలసినవి (ముగ్గురికి, మొదటిసారి తినేవాళ్ళకు సరిపడే మెత్తదనంతో)

కప్పు అంటే ఇక్కడ 200 మిల్లీలీటర్ల కప్పు. ఏ గ్లాసుతో కొలిచినా పరవాలేదు, అన్నిటికీ అదే గ్లాసు వాడండి.

- బియ్యం: ముప్పావు కప్పు. సోనా మసూరి లాంటి మామూలు బియ్యం. నూకలుంటే ఇంకా మంచిది, త్వరగా మెత్తబడతాయి. బాస్మతి వద్దు, పొడిపొడిగా ఉండి కలిసిపోదు.
- రాగి పిండి: ముప్పావు కప్పు.
- నీళ్ళు: నాలుగున్నర కప్పులు. ఇవి కాక పక్కన ఒక కప్పు వేడినీళ్ళు.
- ఉప్పు: అర చెంచా. చాలా ఇళ్ళలో సంగటికి ఉప్పే వేయరు. కొత్తవాళ్ళు వేసుకోండి, చప్పదనం తగ్గుతుంది.
- నెయ్యి: ముద్దకు ఒక చెంచా.
- అడుగు మందంగా ఉన్న లోతైన గిన్నె, మూత.
- గట్టి చెక్క తెడ్డు. సన్నటి గరిటెతో ఈ పని కాదు, వంగిపోతుంది. సీమ ఇళ్ళలో దీనికోసమే సంగటి కట్టె ఉంటుంది. లేకపోతే పప్పుగుత్తిని తిరగేసి దాని కాడతో కెలికినా సాగుతుంది.

పిండి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సగం సంగట్లు చెడేది ఇక్కడే. ప్యాకెట్ విప్పగానే వాసన చూడండి. మట్టి తడిసినట్టు లేతగా ఉండాలి. ముక్కవాసన వస్తే, చిటికెడు నాలుక మీద వేసుకున్నప్పుడు చేదుగా తగిలితే, అది పాతపిండి. దాన్ని ఎంత ఉడికించినా ఆ చేదు పోదు. మొదటిసారి అది తిన్న మనిషి రాగులంటేనే దూరం జరుగుతారు. దగ్గర్లో పిండిమర ఉంటే అర కిలో రాగులు కొని, కడిగి, బాగా ఎండబెట్టి ఆడించుకోండి. దుకాణంలో అడిగేటప్పుడు ఉత్తరాంధ్రలో చోళ్ళు అనాలి, తెలంగాణ పల్లెల్లో తైదలు అంటే తెలుస్తుంది.

మొలకెత్తిన రాగుల పిండి కూడా అమ్ముతున్నారు. అది జావకు బాగుంటుంది, సంగటికి పనికిరాదు. మొలకెత్తినప్పుడు గింజలోని పిండి విరిగిపోతుంది కాబట్టి ముద్ద కట్టదు, జారిపోతుంది. జావ మిక్స్ ప్యాకెట్లు కూడా ఇందుకు వద్దు.

1. సంగటి కంటే ముందు పక్కన తినేది సిద్ధం చేయండి

ఈ వరుస మార్చకండి. సంగటి దించిన పది నిమిషాల్లో కంచంలో ఉండాలి. అప్పుడు చట్నీ రుబ్బుతూ కూర్చుంటే ముద్ద గట్టిపడిపోతుంది.

పక్కన ఉండాల్సింది జారుగా, పుల్లగా, కారంగా ఉండేది. పులుపు నోట్లో నీరూరిస్తుంది, ఆ తడితోనే ముద్ద జారుతుంది. బెండకాయ వేపుడు, బంగాళాదుంప వేపుడు పెట్టుకుని సంగటి తినలేం.

మాంసం తినేవాళ్ళయితే నాటుకోడి పులుసుకు మించింది లేదు. నాటుకోడి దొరక్కపోతే మామూలు కోడితోనే కొబ్బరి, ధనియాలు, గసాలు నూరి వేసి పలచగా చేయండి. శాకాహారులకు చాలా ఉన్నాయి: గోంగూర పప్పు, పాలకూర పప్పు, వంకాయ పులుసు, ఉలవచారు. చలికాలంలో అనపకాయలు వచ్చే రోజుల్లో చిత్తూరు వైపు గింజలు నానబెట్టి, పొట్టు పితికి చేసే పితికిపప్పు కూర ఉంటుంది. ఆ రోజుల్లో మీరు ఆ ప్రాంతంలో ఉంటే మొదటి సంగటి దానితోనే తినండి. అంత మంచి మొదలు ఇంకోటి దొరకదు.

ఏదీ కుదరకపోతే చెనక్కాయల ఊరిమిండి, అంటే పల్లీల పచ్చడి చేసుకోండి. సీమలో సంగటికి ఇది రోజువారీ జత. అర కప్పు పల్లీలు సన్న మంట మీద వేయించి పొట్టు తీయండి. అయిదారు ఎండుమిరపకాయలు అదే మూకుట్లో వేయించండి. చిన్న రెబ్బ చింతపండు నానబెట్టండి. ఇవన్నీ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు వేసి రుబ్బి, చివర్లో ఒక ఉల్లిపాయ వేసి ఒక్క తిప్పు తిప్పండి. రోలుంటే రోట్లోనే నూరండి, ఉల్లిపాయ కచ్చాపచ్చాగా నలగాలి. ఇడ్లీలోకి చేసే పల్లీ చట్నీ కంటే కాస్త పలచగా ఉండాలి. పోపు అక్కర్లేదు.

వేయించి రుబ్బే ఓపిక కూడా లేనప్పుడు పచ్చిపులుసు సరిపోతుంది. చింతపండు రసంలో ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ, ఉప్పు, చిటికెడు బెల్లం పిసికితే చాలు.

2. బియ్యం మెత్తగా ఉడికించండి

బియ్యం కడిగి అరగంట నానబెట్టండి. నాలుగున్నర కప్పుల నీళ్ళు మరిగాక బియ్యం, ఉప్పు వేసి మధ్యస్థం మంట మీద ఉడకనివ్వండి. పొంగుతుంది కాబట్టి మూత పూర్తిగా పెట్టకండి. ఇరవై నిమిషాలు పట్టవచ్చు.

ఎలా చూడాలి: ఒక మెతుకు తీసి రెండు వేళ్ళ మధ్య నలపండి. పలుకు ఏమాత్రం తగలకుండా వెన్నలా నలగాలి. అన్నానికి దించే పదును దాటి ఇంకా అయిదు నిమిషాలు ఉడకాలి. మెతుకు గట్టిగా ఉంటే ముద్దలో అక్కడక్కడా తగిలి నమలాలనిపిస్తుంది. నమలటం మొదలైతే మింగటం కష్టం.

ఈ దశలో గిన్నెలో అన్నం పైన వేలెడు ఎత్తు గంజి నిలబడి ఉండాలి. లేకపోతే పక్కన పెట్టిన వేడినీళ్ళు పోయండి. మరీ ఎక్కువ ఉంటే ఒక గరిటెడు గంజి తీసి పక్కన ఉంచండి, పారబోయకండి. తర్వాత సర్దుకోవటానికి అదే కావాలి.

కుక్కర్‌లో చేయాలనుకుంటే బియ్యం వరకు కుక్కర్‌లో నాలుగైదు విజిల్స్ రానివ్వవచ్చు, నీళ్ళు అర కప్పు తగ్గించండి. పిండి వేశాక మాత్రం కుక్కర్ మూత బిగించి వెయిట్ పెట్టకండి. చిక్కటి పిండి పైకి ఎగదన్ని ఆవిరి గొట్టానికి అడ్డం పడితే ప్రమాదం. మామూలు మూత వేయండి.

3. పిండి వేయండి, కదపకండి

మంట బాగా తగ్గించండి. పిండినంతా ఉడుకుతున్న అన్నం మధ్యలో కుప్పగా పోయండి. తెడ్డు వెనుక భాగంతో ఆ కుప్ప మధ్యలో అడుగుదాకా ఒక గుంట చేయండి. ఆ గుంటలోంచి గంజి బుడబుడమని పైకి వస్తుంది, పిండిని కింద నుంచీ పైనుంచీ తడుపుతుంది. మూత పెట్టి ఎనిమిది నుంచి పది నిమిషాలు వదిలేయండి.

అలవాటు లేనివాళ్ళు ఇక్కడ ఆగలేరు. పిండి పడగానే ఉండలు కడుతుందని భయపడి వెంటనే కెలుకుతారు. పొడిపిండి అప్పుడే ఉండ కడుతుంది: పైన తడి, లోపల పచ్చి. పది నిమిషాలు ఆవిరి పట్టిన పిండి మెత్తబడి, తర్వాత ఒక్క ఊపున కలిసిపోతుంది.

ఎంత చెప్పినా భయం పోనివాళ్ళకు ఇంకో దారి. పిండిలో పావు కప్పు తీసి అర కప్పు చల్లటి నీళ్ళలో జారుగా కలిపి ముందు దాన్ని అన్నంలో పోసి తిప్పండి. రెండు నిమిషాలయ్యాక మిగతా పొడిపిండి కుప్పగా పోసి, పైన చెప్పినట్టే మూత పెట్టండి. ఉండల బెడద బాగా తగ్గుతుంది.

మూత తీసినప్పుడు పిండి కుప్ప లేత రంగు నుంచి ముదురు రంగుకు తిరిగి, తడిగా మెరుస్తుంటే కెలకటానికి సిద్ధమైనట్టు. ఇంకా పొడిగా, తెల్లగా కనిపిస్తే రెండు గరిటెల వేడినీళ్ళు దాని మీద చల్లి మరో మూడు నిమిషాలు మూత పెట్టండి.

4. కెలకండి

ఇది బలం పెట్టి చేసే పని. స్టవ్ మీదే కెలకకండి, గిన్నె జారితే చేతుల మీద పడుతుంది. దించి, నేల మీద చుట్టకుదురు మీదో మడతపెట్టిన తడిగుడ్డ మీదో గిన్నె పెట్టండి. ఒక చేత్తో మందపాటి గుడ్డతో గిన్నె అంచు గట్టిగా పట్టుకుని, ఇంకో చేత్తో తెడ్డును గిన్నె గోడకు నొక్కుతూ తిప్పండి. మధ్యలో తిప్పితే ఉండలు తప్పించుకుంటాయి. గోడకు ఒత్తితేనే నలుగుతాయి. మూడు నుంచి అయిదు నిమిషాలు పడుతుంది. ఇంట్లో ఇంకొకరుంటే గిన్నె పట్టుకోమనండి.

మరీ గట్టిగా అనిపిస్తే తీసిపెట్టిన గంజి కొంచెం కొంచెంగా పోస్తూ కెలకండి. చల్లటి నీళ్ళు పోయకండి, పచ్చివాసన వస్తుంది. తర్వాత మళ్ళీ స్టవ్ మీద సన్న మంటపై మూతపెట్టి రెండు మూడు నిమిషాలు మగ్గనిచ్చి దించేయండి.

5. ఉడికిందో లేదో మూడు రకాలుగా చూడండి

తడిచేత్తో తాకి చూడండి. వేళ్ళు నీళ్ళలో ముంచి సంగటి మీద నొక్కాలి. వేలికి అంటుకోకుండా గుంట పడితే ఉడికినట్టు. అంటుకుంటే ఇంకో మూడు నిమిషాలు మగ్గనివ్వండి.

వాసన చూడండి. పచ్చిపిండి వాసన పూర్తిగా పోయి, కమ్మటి గంజి వాసన రావాలి.

ఒక చిన్న ముక్క తీసి విరిచి చూడండి. లోపల తెల్లటి పొడి చుక్కలు కనిపిస్తే అవి ఉడకని ఉండలు. మళ్ళీ కెలికి, గంజి చిలకరించి మగ్గనివ్వాలి. ఉడకని రాగిపిండి తింటే కడుపులో బరువుగా ఉంటుంది, ఆ నింద మొత్తం సంగటి మీద పడుతుంది.

6. ముద్ద చేయండి

ఒక చిన్న గిన్నె లోపల నెయ్యి రాయండి, లేదా నీళ్ళతో తడపండి. ఒకటిన్నర గరిటె సంగటి అందులో వేసి, గిన్నెను గుండ్రంగా ఊపండి. వేడి సంగటి దానంతటదే గుండ్రంగా తిరుగుతుంది. అలవాటున్నవాళ్ళు చేత్తోనే చేస్తారు, మీరు చేయకండి, చెయ్యి కాలుతుంది.

కంచంలో బోర్లించాక ముద్ద నిలబడాలి, ఒకటి రెండు నిమిషాల్లో అంచులు కొద్దిగా కిందికి జారాలి. మొదటిసారి తినేవాళ్ళకు ఇదే సరైన పదును. కదలకుండా బిగుసుకుని ఉంటే గట్టిగా వచ్చినట్టు. జావలా పరుచుకుంటే నీళ్ళు ఎక్కువైనట్టు, మూత తీసి సన్న మంట మీద నాలుగు నిమిషాలు మెల్లగా కలుపుతూ ఉంటే దగ్గరపడుతుంది.

ముద్ద కమలాపండు కంటే పెద్దది వద్దు. మధ్యలో వేలితో గుంట చేసి నెయ్యి పోయండి. పులుసును ముద్ద మీద పోయకండి, పక్కన పోసుకోండి.

7. తినే పద్ధతి

అసలు ప్రశ్న ఇదే కాబట్టి తొందరపడకుండా చదవండి.

ఆకలి మీద కూర్చోండి. మధ్యాహ్నం అయితే మేలు, పొద్దున టిఫిన్ తేలిగ్గా ముగించండి. కడుపు నిండా ఉన్నప్పుడు కొత్త తిండి ఏదీ దిగదు. స్పూన్ వద్దు, చేత్తోనే తినండి. ముద్ద ఎంత వేడిగా, ఎంత మెత్తగా ఉందో చేతికే తెలుస్తుంది, నోటికి భయం సగం అక్కడే తగ్గుతుంది.

ముందు ఒక చెంచాడు పులుసో పప్పో ఒట్టిగా నోట్లో వేసుకోండి. నోరు తడి అవ్వాలి.

తర్వాత ముద్ద అంచు నుంచి రేగుపండంత తుంచండి. మధ్యలో తుంచకండి, అక్కడ బాగా వేడిగా ఉంటుంది. పైకి ఆవిరి కనిపించకపోయినా లోపల నాలుక కాల్చేంత వేడి నిలబడి ఉంటుంది. తుంచిన ముక్కను మూడు వేళ్ళతో ఒకసారి ఒత్తి, బొటనవేలితో చిన్న పల్లం చేసి, ఆ పల్లంలోకి పులుసు లేదా ఊరిమిండి తీసుకోండి. ముక్క చుట్టూ తడి అంటేలా ఒకసారి దొర్లించండి. పొడిగా ఉన్న చోటే గొంతుకు అడ్డం పడుతుంది.

నాలుక మధ్యలో పెట్టుకోండి. నాలుకతో అంగిలికి ఒకసారి నొక్కి, పులుపూ కారమూ తెలిసాక మింగేయండి. నమలకూడదు అంటే ఒక్క పంటికీ తగలకూడదని కాదు. దవడ కింద పెట్టి అరగదీయవద్దు, అంతే. నమిలేకొద్దీ అది జిగురై పళ్ళకు పట్టుకుంటుంది, నోట్లోనే తిరుగుతుంది. "దిగదు" అన్న ఫిర్యాదు మొత్తం దాన్నుంచే వస్తుంది.

మొదటి మూడు తుంపులు చిన్నవిగానే తీసుకోండి. అప్పటికి గొంతుకు లెక్క తెలుస్తుంది, నాలుగోది కాస్త పెద్దది తీసుకోవచ్చు. మధ్యలో నీళ్ళు గడగడా తాగకండి, కడుపు నిండిపోతుంది. గొంతు పట్టినట్టు అనిపిస్తే రెండు గుక్కల పలచటి మజ్జిగ తాగండి. చిన్న ఉల్లిపాయ ముక్క కొరుక్కోవచ్చు, కరకరలాడేది ఏదైనా ఉంటే ఆ మెత్తదనం విసుగు పుట్టదు.

చేతివేళ్ళు జిగురుగా అయితే పక్కన పెట్టుకున్న నీళ్ళలో ముంచుకుంటూ తినండి. చాలా ఇళ్ళలో ఇలాగే తింటారు, మర్యాద తక్కువేమీ కాదు.

మొదటి రోజు సగం ముద్దతో ఆపండి, బాగున్నా సరే. పీచు అలవాటు లేని కడుపు ఒక్కసారి ఎక్కువ తింటే ఉబ్బరంగా ఉంటుంది. మిగతా ఆకలికి మజ్జిగ అన్నం తినండి.

అత్తగారింట్లో అయితే

సీమలో పెట్టే చెయ్యి పెద్దది. ఒక ముద్ద తినగానే అడక్కుండానే రెండోది పడుతుంది. అందుకే కూర్చునే ముందే చెప్పండి: "అత్తమ్మా, నాకు ఇదే మొదటిసారి. సగం ముద్ద పెట్టండి, సరిపోకపోతే నేనే అడుగుతా." ఈ ఒక్క మాట చెబితే ఎవరూ నొచ్చుకోరు. పెట్టించుకుని వదిలేస్తేనే నొచ్చుకుంటారు, ఎందుకంటే ఆ కెలకటంలో ఎంత కష్టం ఉందో ఇప్పుడు మీకు తెలుసు. వీలైతే వంటింట్లోకి వెళ్ళి గిన్నె పట్టుకోండి. వండుతుండగా చూసిన తిండి మీద జంకు బాగా తగ్గుతుంది.

పెట్టేవాళ్ళకు కూడా ఒక మనవి. కొత్తవాళ్ళు మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు అందరూ వాళ్ళ ముఖం వైపు చూడకండి. "మా కాలంలో ఇదే తిని రాళ్ళు పగలగొట్టాం" అనే మాట ఆ పూటకు వద్దు. కాస్త పెద్ద పిల్లలకైతే గోళీలంత ఉండలు వాళ్ళతోనే చేయించి, ఎక్కువ పులుసులో నానబెట్టి పెట్టండి. పాలు, బెల్లం పోసి మెత్తగా పిసికి పెట్టినా బాగుంటుంది. బలవంతంగా నోట్లో కుక్కితే ఆ పిల్లలు పెద్దయ్యాక కూడా దగ్గరికి రారు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

*ముద్ద రబ్బరులా సాగుతోంది.* నీళ్ళు తక్కువ, పిండి ఎక్కువ. ఈసారి బియ్యం, పిండి సమానంగా వేయండి. ఈ పూటకు వేడి గంజి పోసి మళ్ళీ కెలకండి.

*అడుగంటి మాడు వాసన వచ్చింది.* వెంటనే పైభాగం మాత్రం వేరే గిన్నెలోకి తీయండి, అడుగు గీకకండి. గీకితే వాసన మొత్తానికి పాకుతుంది. వచ్చేసారి గిన్నె కింద పాత పెనం పెట్టి మగ్గనివ్వండి. విదేశాల్లో కాయిల్ స్టవ్ వాడేవాళ్ళు ఇది తప్పకుండా చేయాలి, ఆ స్టవ్ మంట తగ్గించినా చాలాసేపు వేడి వదలదు.

*పైన చర్మంలా కట్టింది.* గాలి తగిలింది. తినేవరకు ముద్ద మీద గిన్నె బోర్లించి ఉంచండి. ఆ పొరను తీసి పక్కన పెట్టి లోపలిది తినవచ్చు.

*చల్లారిపోయింది.* మైక్రోవేవ్‌లో ఒట్టిగా పెడితే గట్టిపడుతుంది. ముద్దను చిదిపి, రెండు చెంచాల నీళ్ళు చల్లి, మూత పెట్టి నిమిషం వేడి చేసి మళ్ళీ కలపండి.

*నల్లగా ఉంది, చూడబుద్ధి కావట్లేదు.* ఇది చెడిపోయిన గుర్తు కాదు, రాగిపొట్టు రంగే అంత. తెల్లగింజ రాగులు కూడా ఉన్నాయి, దొరికితే వాటితో లేత రంగు సంగటి వస్తుంది. లేకపోతే బియ్యం వాటా పెంచండి: మొదటిసారికి రెండు వంతుల బియ్యం, ఒక వంతు పిండి వేసినా ఎవరూ కాదనరు.

బయటి దేశాల్లో ఉన్నవాళ్ళకు

భారతీయ దుకాణాల్లో రాగి పిండి దొరుకుతుంది, ప్యాకింగ్ తేదీ చూసి కొత్తది తీసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోండి. తూర్పు ఆఫ్రికాలో ఉన్నవాళ్ళకైతే అసలు బెంగే లేదు. రాగి పంట పుట్టిల్లే ఆ ప్రాంతం. కెన్యా, టాంజానియా బజార్లలో "వింబి" అని అడిగితే ఇచ్చేది రాగులే. అక్కడివాళ్ళు ఆ పిండితో ఉగాలి అనే ముద్ద కెలికి, చేత్తో తుంచి, పల్లం చేసి కూర అద్దుకుని తింటారు. మనది చూసి వాళ్ళు, వాళ్ళది చూసి మనం కొత్తపడనక్కర్లేదు.

నాన్‌స్టిక్ గిన్నెలో కెలకవచ్చు కానీ పలచటి నాన్‌స్టిక్ వద్దు, గోడకు ఒత్తేటప్పుడు ఒరిగిపోతుంది.

మిగిలిన సంగటి

పారేయకండి. చాలామందికి వేడి సంగటి కంటే ఇదే ముందు నచ్చుతుంది. రాత్రి మిగిలిన ముద్ద మునిగేలా నీళ్ళు పోసి ఉంచండి. పొద్దున నీళ్ళలోనే చిదిపి, పెరుగు లేదా మజ్జిగ, ఉప్పు, తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపి తాగండి. ఇందులో మింగే సమస్యే ఉండదు. ఎండాకాలంలో, ఉక్కపోత ఊళ్ళలో రాత్రంతా బయట ఉంచకండి, ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున పుల్లటి వాసన కాస్త ఉండటం సహజం. బంక సాగినా, పైన బూజు కనిపించినా, వాసన కుళ్ళుగా ఉన్నా మొత్తం పారబోయండి.

రెండోసారికి, ఆ తర్వాత

వారం ఆగి మళ్ళీ చేయండి. ఈసారి అర కప్పు బియ్యానికి కప్పు పిండి, నీళ్ళు నాలుగు కప్పులు. సీమ ఇళ్ళలో తినే పదునుకు ఇది దగ్గరగా ఉంటుంది. పక్కన వేరే పులుసు పెట్టుకోండి, ఒకటే కూరతో తింటే అది సంగటి రుచో కూర రుచో తెలియదు. ఇది సాఫీగా దిగుతుంటే ఉత్త పిండి ముద్ద చేసి చూడవచ్చు: రెండు కప్పుల నీళ్ళు మరిగించి, కప్పు పిండి కుప్పగా పోసి, మిగతా అంతా ఇదే పద్ధతి. అది గట్టిగా, నున్నగా ఉంటుంది, ఇంకా చిన్న తుంపులు తీసుకోవాలి. కొర్రబియ్యంతోనూ జొన్న రవ్వతోనూ కూడా సంగటి చేస్తారు, రంగు నచ్చనివాళ్ళు వాటితో మొదలుపెట్టినా తప్పులేదు.

మూడు నాలుగుసార్లు సరిగ్గా వండి, సరిగ్గా తిన్నాక కూడా నచ్చలేదంటే వదిలేయండి. అదే పిండితో ఉల్లిపాయ, మునగాకు వేసి రొట్టె కాల్చుకోవచ్చు, పొద్దున జావ కాచుకోవచ్చు. ఇంట్లో వాళ్ళు సంగటి తినే రోజు మీరు ఆ పులుసుతో అన్నం తినండి.